ఆరుంబావు సెంట్ల తోట
ఇంగ్లండు గ్రామములలో వంతుతోటలు – తోటవారి నిత్యజీవనము

ఇల్లు కలదు గాని పెరడు లేదు. చేతిలో పనితనము కలదు గాని పాదు చేయుటకు గుంటెడు నేల లేదు. ఇట్టి కుటుంబములు ప్రతి గ్రామమునందును కొన్ని యుండును. అట్టివారు కోరినచో కూరగాయలు పండించుకొనుటకు కొంచెము నేల చూపవలసిన బాధ్యత గ్రామ పాలక సంస్థదే యని చట్టము శాసించిన దేశమొకటి కలదు. అది ఇంగ్లండు. అచ్చటి గ్రామములలో మన గ్రామ పంచాయతీని పోలిన సంస్థను పారిష్ కౌన్సిలు అందురు. అది తన నేలను చిన్న చిన్న భాగములుగా విభజించి, ఏటేటా స్వల్ప కౌలు గైకొని, కోరినవారికి తోటలకై యిచ్చును. ఈ భాగమునకు అలాట్‌మెంటు అని పేరు. మేము దీనిని వంతుతోట అని వ్యవహరింతుము. పంచాయతీ సభ్యులు ఈ యేర్పాటు పుట్టుకను, కట్టుబాట్లను, దానిని నిలుపుచున్న తోటవారి నిత్యజీవనమును తెలిసికొనుట ఉపయోగకరమని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

వంతుతోట కొలతకు అచ్చటివారు నేటికిని రాడ్ అను పాతకాలపు కొలమానమునే వాడుదురు. పది చదరపు రాడ్లు ఒక నిండు తోట. అది 302½ చదరపు గజములు. మన లెక్కలో సరిగా ఆరుంబావు సెంట్లు. అనగా ఎకరమునకు పదునారు తోటలు. బంగాళాదుంప, ఉల్లి, క్యాబేజి, చిక్కుడు జాతులు, క్యారెట్టు మొదలగువానిని మడులు మార్చి వేసికొన్నచో, ఒక చిన్న కుటుంబమునకు ఏడాదిలో చాల దినములకు కూర లభించును. ఇటీవల అడుగువారు పెరిగి నేల చాలకపోవుటచే, పెక్కు కౌన్సిళ్లు సగము తోటలనే యిచ్చుచున్నవి.

ఉమ్మడి నేల పోయిన కథ

ఈ తోటలు ఎవరి దయాదాక్షిణ్యములవలననో వెలసినవి కావు. ఒక పెద్ద నష్టమునకు చిన్న పరిహారముగా వెలసినవి. పూర్వము ఇంగ్లండు గ్రామములలో ఉమ్మడి బీళ్లు విస్తారముగా నుండెడివి. పేదవాడు అచ్చట తన ఆవును మేపుకొనెడివాడు, వంటచెరకు తెచ్చుకొనెడివాడు. 18వ శతాబ్ది మధ్యభాగమునుండి సుమారు నూరేండ్లపాటు పార్లమెంటు వేలకొలది చట్టములను చేసి, ఈ ఉమ్మడి నేలలకు కంచెలు వేయించి, సొంత కమతములుగా మార్చినది. కూలివానికి ఆవు పోయినది, పుల్ల పోయినది, మిగిలినది కూలి యొక్కటే.

1845లో చేసిన చట్టము, ఇట్లు కంచెలు వేయునపుడు శ్రమజీవులకై తోటభూములు విడువవలెనని చెప్పినది. కాని ఆచరణలో విడిచిన నేల అత్యల్పము. అటుపిమ్మట 1887లో స్థానిక సంస్థలకు ఈ బాధ్యతను అప్పగించు చట్టము వచ్చినది. 1894లో ఎన్నికల ద్వారా ఏర్పడు పారిష్ కౌన్సిళ్లు వెలసినవి. 1908లో అంతకుముందున్న నిబంధనలను ఒక్కచోటికి చేర్చి చేసిన చట్టమే నేటికిని ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలోని వంతుతోటలకు మూలాధారము.

చట్టములోని కట్టుబాట్లు

సభ్యులు ప్రత్యేకముగా గమనింపదగిన కట్టుబాట్లు నాలుగు కలవు.

మొదటిది, అర్జీ. గ్రామములోని ఓటర్లుగాని, స్థానికపు పన్ను చెల్లించువారుగాని ఆరుగురు కలసి వ్రాతమూలకముగా కోరినచో, కౌన్సిలు దానిని పరిశీలింపక త్రోసివేయుటకు వీలులేదు. తోటలకై నిజముగా అవసరము కలదని తేలినచో నేలను సమకూర్చుట దాని విధి.

రెండవది, ప్రయోజనము. 1922 నాటి చట్టము ప్రకారము, ఈ తోట నలువది రాడ్లకు, అనగా ఇరువదియైదు సెంట్లకు మించరాదు. అందు ముఖ్యముగా తన కుటుంబము తినుటకై కూరలు, పండ్లు పండింపవలెను. వ్యాపారమునకు ఇది తావు కాదు. 1950 నాటి చట్టము కోళ్లను, కుందేళ్లను పెంచుకొనుటకు కూడ అనుమతించినది. కోడిపుంజునకు మాత్రము అనుమతి లేదు. ఇరుగుపొరుగువారి వేకువనిద్రపై శాసనకర్తలకు అంత దయ కలదు!

మూడవది, పంటకు రక్షణ. కౌలుదారును ఖాళీ చేయింపవలసి వచ్చినచో సామాన్యముగా పండ్రెండు నెలల ముందు నోటీసు ఇయ్యవలెను. ఆ గడువు ఏప్రిల్ 6వ తేదీకి లోపలగాని, సెప్టెంబరు 29వ తేదీకి తరువాతగాని ముగియవలెను. ఏలయన, ఆ నడుమకాలమందే అచ్చట పంట పొలముపై నుండును. విత్తినవాడు కోసికొనకముందే వెడలవలసిన దుస్థితి కలుగరాదని దీని భావము.

నాలుగవది, నేలకు రక్షణ. వంతుతోటలకై కౌన్సిలు కొని కేటాయించిన నేలను, ప్రభుత్వపు సమ్మతి లేనిదే అమ్ముటకుగాని వేరు పనికి మార్చుటకుగాని వీలులేదని 1925 నాటి చట్టము చెప్పుచున్నది. కాని తాత్కాలికముగా కౌలుకు తెచ్చిన నేలకు ఈ రక్షణ లేదు. ఒకే ఊరిలో రెండు తోటలు ప్రక్కప్రక్కన పచ్చగా నుండవచ్చును. కాగితములో ఒకటి స్థిరము, రెండవది తాత్కాలికము. ఇండ్ల స్థలములకు గిరాకి పెరిగిన నాడు ఏది నిలుచునో ఏది పోవునో చెప్పనక్కరలేదు.

యుద్ధకాలము, తరువాత

రెండు ప్రపంచయుద్ధములలోను ఓడలమీద వచ్చు ఆహారమునకు శత్రువుల జలాంతర్గాములు అడ్డుపడుటచే, ఈ తోటలే ఇంగ్లండు ప్రజలకు కొంత ఊరటయైనవి. 1939లో ప్రభుత్వము ‘విజయమునకై త్రవ్వుడు’ అను నినాదముతో ప్రచారము సాగించినది. పార్కులందును, ఆటస్థలములందును క్యాబేజి మడులు వెలసినవి. ఆనాడు వంతుతోటల సంఖ్య సుమారు పదునాలుగు లక్షలకు చేరినది. యుద్ధానంతరము అంగడిలో సరకులు దొరకుటతో తోటలు పాడుపడసాగినవి. ప్రొఫెసర్ హారీ థార్ప్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ క్షీణతను విచారించి 1969లో నివేదిక సమర్పించినది. అటుపిమ్మట మరల జనులకు తోటలపై మక్కువ పెరిగినది. నేడు పెక్కు ఊళ్లలో తోట కావలెనన్నచో జాబితాలో పేరు వ్రాయించుకొని ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది.

కంచె మీది కబుర్లు

చట్టము నేలను ఇచ్చును. తోటను నిలుపునది మాత్రము తోటవారి చెలిమి. ఆదివారమునాటి ఉదయము వంతుతోటలకు వెళ్లిచూచినచో, పారపట్టి త్రవ్వువారెందరో, పారమీద చేయి మోపి మాటలాడువారును ఇంచుమించు అందరే కానవత్తురు. ప్రతి తోటలోను పనిముట్లు దాచుకొను ఒక చెక్కగది యుండును. దాని ముంగిట ఒక పాత కుర్చీ, ఫ్లాస్కులో తేనీరు. మాట మొదట వాతావరణముతో ప్రారంభమగును. మే నెలలో సైతము ఒక రాత్రి మంచు గడ్డకట్టి లేత మొలకలను మాడ్చివేయగలదు. కావున వాతావరణపు ముచ్చట అచ్చట కాలక్షేపము కాదు, వ్యవసాయమే.

పిమ్మట నత్తల మాట. తడినేలలో రాత్రివేళ బయలుదేరు నత్తలు లేత ఆకుకూరలను తెల్లవారునప్పటికి కాడలు మిగిల్చి పోవును. వానిని దీపము పట్టి ఏరుటయా, పొడి చల్లుటయా, గిన్నెలో బీరు పోసి వలపన్నుటయా అను విషయమున తరతరములుగా వాదము నడచుచున్నది. బంగాళాదుంపలను గుడ్ ఫ్రైడే పండుగనాడే నాటవలెనని పాత సంప్రదాయము. ఆ పండుగ ఏటేటా తేదీ మారునుగదా, నేల చలి మాత్రము తేదీని చూచి తగ్గునా యని క్రొత్తవారు ఎదురు ప్రశ్న వేయుదురు.

ఈ కబుర్లలో నిజమైన పని కలదు. వెచ్చని తడిదినములలో బంగాళాదుంప ఆకులపై గోధుమరంగు మచ్చలు పుట్టి కొలది దినములలో చేనంతయు మాడ్చు తెగులు ఒకటి కలదు. 1845లో ఐర్లండును మహాక్షామము పాలు చేసినది ఈ తెగులే. దీని బీజములు గాలిలో పోవును, కంచెను లెక్కచేయవు. ఒకని మడిలో మచ్చ కనబడగనే ప్రక్కవానితో చెప్పినచో, అతడు ఆకులను కోసివేసి నేలలోని దుంపలను కాపాడుకొనగలడు. మాటలు లేని పొరుగువారి నడుమ తెగులు నిశ్శబ్దముగా దాటును. అట్లే, క్యాబేజి వేళ్లు ఉబ్బి కుళ్లు తెగులు ఒక్కసారి నేలలో చేరినచో పెక్కేండ్లు పోదు. ఏ మడిలో ఆ తెగులున్నదో, ఎచ్చట సున్నము కలుపవలెనో ముందున్న వృద్ధుడే క్రొత్తవానికి చెప్పగలడు. ఆ జ్ఞానము కౌన్సిలు దస్త్రములలో దొరకదు.

ఆగస్టు మాసమున పంట విరుగబడి కాయును. దోస, గుమ్మడి జాతికి చెందిన కూర్జెట్ అను కాయ ఒక్క పాదుకే తినలేనంత కాయును. అందరికిని అదే కాపు గనుక ఇచ్చువారే గాని పుచ్చుకొనువారుండరు. చెప్పక చేయక పొరుగింటి గుమ్మమున పెట్టి పోవుట ఆ దినములలో పరిహాసవిషయము. సెప్టెంబరు ప్రాంతమున ఊరి ప్రదర్శనము జరుగును. ఎవరి ఉల్లిగడ్డ పెద్దది, ఎవరి గుమ్మడి బరువు అను పోటీలో ఏడాది పొడవునను దాచుకొన్న ఎరువు రహస్యములు బయటపడును, కొన్ని పడవు.

బర్మింగ్‌హాం, లెస్టర్ వంటి నగరములలో ఈ తోటలకు మరియొక సొగసు కలిగినది. మన దేశమునుండియు, కరిబియన్ దీవులనుండియు వెళ్లి స్థిరపడినవారు మెంతికూర, కొత్తిమీర మొదలైనవానిని పెంచుచున్నారు. కరిబియన్ వారు కలలూ అని ప్రీతితో వండుకొను ఆకుకూర మన తోటకూర జాతిదే. భాష తెలియని ఇరుగుపొరుగువారు విత్తనములను ఇచ్చిపుచ్చుకొని స్నేహితులైన సందర్భములు అరుదు కావు.

తగవులు, తీర్పులు

అందరును మంచివారే యని మేము చెప్పుట లేదు. నీటి కుళాయివద్ద వంతు తప్పుట, చెత్త కాల్చిన పొగ, చెట్టు పెంచి ప్రక్కమడికి నీడ చేయుట, ఇవి నిత్యము వచ్చు తగవులు. అన్నిటికంటె పెద్దది తోటను బీడు పెట్టుట. ఒకరు విడిచిన మడిలోని కలుపు విత్తనము అందరి మడులలో మొలచును. పైగా జాబితాలో వేచియున్నవారు కంచెవెలుపలినుండి ఆ బీడును చూచుచుందురు. అందుచే పెక్కుచోట్ల తోటవారి సంఘము ఏడాదిలో కొన్నిసార్లు తనిఖీ జరిపి, సాగు లేనిచో హెచ్చరిక వ్రాయును. అప్పటికిని లక్ష్యపెట్టనిచో తోట మరియొకరికి పోవును. అయితే కాగితము పంపుటకు ముందు ఒకరు వెళ్లి, ఆరోగ్యము బాగున్నదా యని అడుగుట మంచి సంఘముల పద్ధతి. మోకాలి నొప్పితో రాలేని వృద్ధునకు పొరుగువారు రెండు ఆదివారములు కలుపు తీసిపెట్టినచో నోటీసు అవసరమే యుండదు.

మనము గ్రహింపదగినది

మన పంచాయతీలకు ఇట్టి తోటలను ఇయ్యవలెనను నిర్బంధము లేదు. కాని 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణవలన చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో వ్యవసాయము, సామాజిక అడవులు, సమాజపు ఆస్తుల నిర్వహణము కలవు. పాఠశాల ఆవరణలు, అంగన్‌వాడీ దొడ్లు, కుళాయి నీరు వృథాగా పోవుచోట్లు మొదలగు తావులలో, సంబంధించిన శాఖ అనుమతితో, చిన్న మడులను కొన్ని కుటుంబములకో మహిళాసంఘమునకో అప్పగించుట ఆలోచింపదగినది. అట్లు చేయునపుడు హద్దులు, కాలపరిమితి, నీటి వంతు, బీడు పెట్టినచో జరుగు చర్య, ఈ నాలుగింటిని తీర్మానములో స్పష్టముగా వ్రాసికొనవలెను.

ఒక జాగ్రత్త మాత్రము మరువరాదు. చెరువుగర్భమును, పశువుల మేతబీడును తోటల పేర పంచుట తగదు. గ్రామముల ఉమ్మడి నేలలనుండి అక్రమ ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28వ తేదీన ఇచ్చిన తీర్పులో రాష్ట్రములను ఆదేశించినది. ఇంగ్లండు కథ చెప్పునదియు ఇదియే: అచ్చట ఉమ్మడి బీడు పోయిన పిమ్మటనే పేదవానికి ఆరుంబావు సెంట్లు దక్కినవి. మనకు బీడు ఇంకను మిగిలియున్న గ్రామములు కలవు. దానిని కాపాడుకొనుచు, వేరుచోట తోటకు తావు వెదకుట మన పని.

రేపు ఆరుగురు గ్రామస్థులు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, పాదు పెట్టుకొనుటకు కొంచెము చోటు చూపుడని అడుగవచ్చును. వారికి చూపగల తావు మన గ్రామ పటములో ఎచ్చట నున్నదో సభ్యులు ఇప్పుడే ఒకసారి చూచి యుంచుట మంచిది.