చుట్ట మానాలంటే ‘బ్యాటరీ సిగరెట్టు’ అక్కరలేదు

* ఈ-సిగరెట్టు అమ్మకం, దిగుమతి మన దేశంలో 2019 నుంచి నిషేధం
* మందుల షాపులో దొరికే నికోటిన్ బిళ్లతో మానే వీలుంది
* ముహూర్తం నాట్లకీ కోతలకీ మధ్య పెట్టుకోవడం మేలు

ఘంటసాల: తెల్లారగట్ల నీళ్లు కట్టడానికి వెళ్లే ముందు ఒక చుట్ట, గట్టు మీద కాస్త కూర్చుంటే ఒక బీడీ, సెంటర్లో టీ తాగాక ఒక సిగరెట్టు. ముప్ఫై, నలభై ఏళ్లుగా ఇలా కాల్చేవారు మన డెల్టా పల్లెల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వీరిలో చాలామందికి మానాలనే ఉంటుంది. దగ్గు వదలదు. ధాన్యం బస్తా ఎత్తితే ఆయాసం. ఇంట్లో పోరు సరే సరి. మానదామని నాలుగు రోజులు బిగబట్టి, అయిదో రోజు మళ్లీ అగ్గిపెట్టె వెతుక్కుంటారు.

ఇలాంటి వారికి ఈమధ్య కొత్త సలహా ఒకటి వినబడుతోంది. అమెరికాలో ఉద్యోగం చేసే మేనల్లుడు సంక్రాంతికి వచ్చి, “మావయ్యా, ఆ చుట్ట పారెయ్. అక్కడ బ్యాటరీ సిగరెట్టుకి మారి మానేసినవాళ్లు బోలెడుమంది. ఈసారి వచ్చేటప్పుడు నీకొకటి తెస్తాలే” అంటాడు. పొగ లేదు, బూడిద లేదు, కంపు లేదు అనేసరికి ఎవరికైనా ఆశ పుడుతుంది. అసలు ఆ వస్తువు ఏమిటి? అందులో మంచి ఎంత, చెడు ఎంత? మన చట్టం ఏమంటోంది? అది లేకుండా మానే దారి ఏది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏమిటీ ఈ-సిగరెట్టు?

చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు 2003లో ఇప్పటి రూపంలోని ఈ-సిగరెట్టును తయారుచేశాడు. ఆయన స్వయంగా బాగా సిగరెట్లు కాల్చేవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అలా పుట్టిన ఆలోచన ఇది.

దీనిలో ఒక బ్యాటరీ, వేడెక్కే సన్నటి తీగచుట్ట, కొద్దిగా ద్రవం ఉంటాయి. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపిన పదార్థాలు, ముఖ్యంగా నికోటిన్ ఉంటాయి. ఆకు కాలదు కాబట్టి సిగరెట్టులో వచ్చే తారు రాదు. సిగరెట్టుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇంతే. అలవాటును పట్టి ఉంచే నికోటిన్ మాత్రం రెండింటిలోనూ ఉంది.

నికోటిన్ మనకు కొత్త కాదు

నికోటిన్ పేరు తెలియకపోయినా దాని శక్తి రైతుకు తెలుసు. పేనుబంక పడితే పొగాకు కషాయం కాచి కొట్టడం మన పెద్దలు చేసిన పనే. పురుగును చంపింది ఆ కషాయంలోని నికోటినే. నికోటిన్ సల్ఫేట్ ఒకప్పుడు పురుగుమందుగానే అమ్ముడుపోయింది. మనుషులకు మరీ విషమని మన దేశంలో దాని వాడకాన్ని 1992లో నిషేధించారు. మినుములో తెల్లదోమకు, వరిలో సుడిదోమకు వాడే ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్ జాతి మందులు కూడా పురుగు నరాల్లో నికోటిన్ పట్టుకునే చోటునే పట్టుకుంటాయి. ఆ మందుల కుటుంబానికి నియోనికోటినాయిడ్లు అనే పేరు అందుకే వచ్చింది.

ఒక సిగరెట్టు కాలిస్తే ఒంట్లోకి చేరే నికోటిన్ 1 నుంచి 2 మిల్లీగ్రాములు. అది కొద్ది క్షణాల్లో మెదడుకు చేరి హాయి అనిపిస్తుంది. తగ్గగానే మళ్లీ కావాలంటుంది. మనిషిని కట్టేసేది నికోటిన్. చంపేది ఎక్కువగా దానితోపాటు వచ్చే పొగ. కాలే పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటే వాటిలో 70 దాకా క్యాన్సర్ కలిగించేవే. కార్బన్ మోనాక్సైడ్ వల్ల గుండెకు దెబ్బ.

“నేను చుట్ట పొగ మింగను, ఊదేస్తాను” అనేవారు ఒక సంగతి గమనించాలి. చుట్ట పొగలోని నికోటిన్ నోటి చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. పొగ మింగకపోయినా నోటికి, గొంతుకు క్యాన్సర్ ముప్పు తప్పదు.

దేశానికొక తీరు

ఉన్నమాట చెప్పుకోవాలంటే, సిగరెట్టు పూర్తిగా మానేసి ఈ-సిగరెట్టుకు మారిన మనిషికి విషాలు తక్కువ అందుతాయనేది నిజమే. ఇంగ్లండు ఆరోగ్య శాఖ 2015 నుంచీ ఈ మాట చెబుతోంది. 2023లో పొగరాయుళ్లకు వాటిని ఉచితంగా ఇచ్చే పథకం కూడా ప్రకటించింది. అయితే అదే దేశం, పిల్లలు ఎగబడుతున్నారని, ఒకసారి వాడి పారేసే రకాలను 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. ఆస్ట్రేలియా 2024 నుంచి మందుల షాపుల్లో తప్ప అమ్మనివ్వడం లేదు.

తక్కువ హాని అంటే హాని లేదని కాదు. అమెరికాలో 2019లో ఇలాంటి పరికరాలు పీల్చినవారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువమంది వాడింది గంజాయి నూనె కలిపిన ద్రవం. అందులో కల్తీ చేసిన విటమిన్-ఇ ఎసిటేట్ ముఖ్య కారణమని తేలింది. సీసాలో ఏముందో తెలియకుండా పీలిస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. చాటుగా అమ్మే నకిలీ విత్తనం ప్యాకెట్టును మనం నమ్ముతామా? ఇదీ అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. చాలామంది సిగరెట్టు పూర్తిగా వదలరు. ఇంట్లో అది, బయట ఇది అని రెండూ పీలుస్తారు. “రోజుకు ఒకటే కదా” అనుకోవడం పొరపాటు. రోజుకు 20 కాల్చేవారికి వచ్చే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒకటి కాల్చేవారికీ ఉంటుందని 2018లో వచ్చిన పరిశీలన చెప్పింది.

మన చట్టం మాట

భారత వైద్య పరిశోధన మండలి 2019 మే నెలలో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించాలని సూచించింది. కేంద్రం అదే ఏడాది సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం తెచ్చింది. పొగాకు అలవాటు లేని కుర్రకారుకు ఇవి కొత్తగా అంటుకుంటాయన్నది ముఖ్య కారణం.

ఈ చట్టం కింద ఈ-సిగరెట్లను తయారుచేయడం, దిగుమతి చేయడం, అమ్మడం, రవాణా చేయడం, ప్రకటనలు ఇవ్వడం నేరం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ పెడితే 6 నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

కాబట్టి మేనల్లుడు ప్రేమకొద్దీ పెట్టెలో తెచ్చినా దిగుమతి కిందికే వస్తుంది. విమానాశ్రయంలో పట్టుకుంటే ఇబ్బంది అతనికే. “వద్దురా అబ్బాయ్” అని ముందే చెప్పేయండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే పిల్లలకు అందనివ్వవద్దు. ఆ ద్రవం పొరపాటున తాగితే పసివాళ్ల ప్రాణానికే ముప్పు.

మరి దారి ఏది?

మానడానికి నికోటిన్ సాయం కావాలనుకుంటే, చట్టం ఒప్పుకున్న దారి ఉంది. అదే నమిలే నికోటిన్ బిళ్ల. పొగ లేకుండా కొద్దికొద్దిగా నికోటిన్ ఇచ్చి, క్రమంగా తగ్గించి, చివరకు ఆపేయడం దీని పద్ధతి. 2022లో విడుదలైన జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ చికిత్సను కూడా చేర్చారు. 2 మిల్లీగ్రాముల బిళ్లలు మందుల షాపుల్లో దొరుకుతాయి. నిద్ర లేచిన అరగంటలోపే చుట్ట వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములవి అవసరం కావచ్చు. అవి డాక్టరు చీటీ మీదే తీసుకోవాలి.

వాడే తీరు తెలియకే చాలామంది “పనిచేయలేదు” అని పారేస్తారు. ఇలా వాడండి:

* మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు. మెల్లగా పది, పదిహేను సార్లు నమిలి, నోరు చురచురమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి.
* చురచుర తగ్గాక మళ్లీ కాస్త నమిలి, రెండో బుగ్గన పెట్టాలి. ఇలా అరగంట సేపు. తర్వాత ఊసేయాలి.
* రసం మింగితే ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి.
* బిళ్ల వేసుకునే ముందు పావుగంట, వేసుకున్నాక టీ, కాఫీ, సోడా తాగకూడదు. తాగితే మందు ఒంటికి పట్టదు.
* మొదటి 6 వారాలు గంట, రెండు గంటలకు ఒకటి. తర్వాత 3 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి. ఆఖరి 3 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి. 12 వారాలకు ఆపేయాలి. రోజుకు 24కు మించకూడదు.

పళ్లు కదిలేవారు, కట్టుడు పళ్లవారు ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీ గురించి డాక్టరును అడగవచ్చు. గుండెపోటు వచ్చినవారు, గర్భిణులు డాక్టరుకు చెప్పకుండా ఏదీ వాడరాదు. బిళ్ల వాడుతూ చుట్ట కాల్చడం మాత్రం పనికిరాదు.

చుట్ట బదులు ఖైనీ, గుట్కా వేసుకోవడం మానడం కాదు. గోడ దూకి గోతిలో పడటం.

ముహూర్తం ఎప్పుడు?

మానిన తర్వాత మొదటి మూడు రోజులు గడ్డు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి, మలబద్ధకం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. కొందరికి దగ్గు కాస్త పెరిగినట్లనిపిస్తుంది. భయపడనక్కర్లేదు.

కాబట్టి నారుమడి హడావుడిలోనో, కోతలు, కుప్పనూర్పిళ్ల సమయంలోనో మొదలుపెట్టకండి. నాట్లు పూర్తయి చేను పచ్చబడ్డాక, కోతలకు ముందు ఉండే తీరిక రోజుల్లో తేదీ పెట్టుకోండి. ఆ ముందురోజు ఇంట్లోని చుట్టలు, బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసేయండి. ఇంట్లో ఆవిడకీ పిల్లలకీ తేదీ చెప్పండి. టీ కొట్టు దగ్గర కూర్చునే నేస్తాలకూ చెప్పి, నలుగురు కలిసి మానితే ఇంకా మంచిది.

పీకుడు వచ్చినప్పుడు అది అయిదారు నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ మంచినీళ్లు తాగండి, సోంపు నమలండి, గట్టు మీద ఓ చుట్టు తిరిగి రండి. తెల్లారగట్ల చుట్టతోనే కాలకృత్యం అనే అలవాటున్నవారు రాత్రి పండో, పీచున్న కూరో తిని, పొద్దున గోరువెచ్చని నీళ్లు తాగితే సర్దుకుంటుంది. ఒకసారి జారి ఒకటి కాల్చినా పంట పోయినట్లు కాదు. ఎండిన మొక్క స్థానంలో మళ్లీ నాటుకున్నట్లు, ఆ పూట నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

మందు కొట్టేటప్పుడు బీడీ వద్దు

మానేదాకా అయినా ఈ జాగ్రత్త తప్పదు. ఘంటసాల పరిశోధన స్థానం విడుదల చేసిన జీబీజీ-1 కానీ, మరో రకం కానీ, మినుము విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి, ఆ చేత్తోనే బీడీ తీసి నోట పెట్టుకోవడం చూస్తుంటాం. చేతికంటిన మందు నేరుగా నోట్లోకి పోతుంది. స్ప్రేయరు దించి, సబ్బుతో చేతులు, ముఖం కడిగే వరకు నోటికి ఏదీ తగలనివ్వకండి. ఎండు గడ్డివాము దగ్గర, వరి కుప్ప దగ్గర పారేసిన బీడీ ముక్క ఏడాది కష్టాన్ని బూడిద చేస్తుంది.

లెక్క వేసుకోండి

రోజుకు 50 రూపాయలు పొగకు పోతున్నాయనుకుందాం. నెలకు 1,500. ఏడాదికి 18,250 రూపాయలు. అరెకరం, ఎకరం కౌలు చేసే రైతుకు ఇది చిన్న మొత్తం కాదు. ఎకరాకు మినుము విత్తనం, విత్తనశుద్ధి, ఒక పిచికారీ ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

ఆరోగ్యం లెక్క ఇంకా పెద్దది. మానిన 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. 12 గంటల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకు వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగం తగ్గుతుంది. బ్రిటన్ డాక్టర్లను 50 ఏళ్లపాటు గమనించి 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 60 ఏళ్లకు మానినా సుమారు 3 ఏళ్లు, 50కి మానితే 6 ఏళ్లు, 40కి మానితే 9 ఏళ్ల ఆయుష్షు కలిసొస్తుంది. “ఈ వయసులో మానితే ఎంత, మానకపోతే ఎంత” అనే మాటకు ఇదే జవాబు.

ఎవరిని అడగాలి?

ముందుగా మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును కలవండి. పొగాకు మాన్పించడానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను 1800-11-2356. ఈ నంబరు సిగరెట్టు పెట్టె మీదే అచ్చయి ఉంటుంది. పైసా ఖర్చు లేదు. బెంగళూరు నిమ్‌హాన్స్ కేంద్రం ద్వారా తెలుగులోనూ మాట్లాడతారు. అంకెలు చదవలేనివారు ఇంట్లో పిల్లల చేత చేయించండి. వచ్చే తీరిక రోజుల్లో తేదీ ఒకటి చూసుకుని, పంచాంగంలో దాని పక్కన గీత గీసుకోండి.