బిల్లు చేతిలో, డబ్బు దారిలో

పన్నెండేళ్ల కిందట విజయవాడ ఆటోనగర్ ప్రాంతంలో రుణాల ఆఫీసరుగా పనిచేస్తున్న రోజులవి. లారీ బాడీలకు ఇనుప విడిభాగాలు చేసే ఒక పెద్దాయన మా ఖాతాదారు. ఒకరోజు స్వీటు పెట్టెతో వచ్చి, "అమ్మా, ఆర్డరు రెట్టింపయింది" అన్నారు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఈసారి లిమిటు పెంచమని అడగడానికి. నిరుటి టర్నోవరు మీద లెక్క కట్టి చూశాను. ఉన్న లిమిటు అంచుదాకా వాడేశారు. తాకట్టుకు ఇంకో ఆస్తి లేదు. "ఇప్పుడు కుదరదండీ" అని చెప్పాను.

ఆయన లేస్తూ ఒక మాట అడిగారు. "నాకు రావలసింది పదహారు లక్షలుంది కదమ్మా, అది మీకు ఆస్తిలా కనపడదా?" ఆ ఆర్డరు ఆయన వదులుకున్నారు. నిబంధనల ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చాలా ఏళ్లకు అదే ప్రశ్నను వ్యాపారంగా మార్చిన ఒక మహిళ గురించి చదివాను. ఆమె అమెరికాలోని జార్జియా రాష్ట్ర మాజీ శాసనసభ్యురాలు, స్టేసీ అబ్రమ్స్.

గేటు దగ్గర ఆగిన అమ్మాయి

స్టేసీ 1973లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో రెండో ఆమె. మిసిసిపి రాష్ట్రంలోని గల్ఫ్‌పోర్ట్‌లో పెరిగారు. తల్లి లైబ్రేరియన్, తండ్రి ఓడల కార్ఖానాలో కార్మికుడు. ఆ తర్వాత తల్లిదండ్రులు మతశాస్త్రం చదవడానికి అట్లాంటా రావడంతో కుటుంబమంతా జార్జియాకు మారింది.

హైస్కూలులో ఆమె ఫస్టు వచ్చారు. రాష్ట్రంలోని అలాంటి విద్యార్థులందరికీ గవర్నరు నివాసంలో విందు ఉంటే, తల్లిదండ్రులతో కలిసి సిటీ బస్సులో వెళ్లారు. బస్సు దిగి వచ్చిన ఆ నల్లజాతి కుటుంబాన్ని చూసి, ఇది ప్రైవేటు కార్యక్రమం అంటూ కాపలాదారు గేటు దగ్గరే ఆపాడు. తల్లిదండ్రులు పట్టుబట్టాక, ఆహ్వానితుల జాబితా చూసి లోపలికి వెళ్లనిచ్చాడు. లోపలి విందు గుర్తులేదనీ, ఆ గేటు మాత్రమే గుర్తుందనీ ఆమె చాలా సభల్లో చెప్పారు.

స్పెల్‌మన్ కాలేజీలో డిగ్రీ, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ప్రజా వ్యవహారాల్లో పీజీ, యేల్‌లో న్యాయశాస్త్రం చదివారు. పన్నుల లాయరుగా పనిచేసి, 29 ఏళ్లకే అట్లాంటా నగరపాలక సంస్థ డిప్యూటీ అటార్నీ అయ్యారు. 2006లో జార్జియా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2011 నుంచి 2017 దాకా ఆ సభలో ప్రతిపక్ష నాయకురాలు.

మన దగ్గరి శాసనసభ్యులతో పోల్చి చూస్తే ఇక్కడ ఒక తేడా ఉంది. జార్జియా సభ ఏడాదికి 40 రోజులే సమావేశమవుతుంది. అప్పట్లో సభ్యులకు జీతం ఏడాదికి సుమారు 17 వేల డాలర్లు. అక్కడి ఖర్చులకు అది చాలదు. అందుకే సభ్యులు సొంత వృత్తి, వ్యాపారం కూడా చూసుకుంటారు. స్టేసీ సెలీనా మాంట్‌గోమరీ అనే కలం పేరుతో ప్రేమ నవలలు కూడా రాశారు.

పెద్ద ఆర్డరు మింగేసిన చిన్న కంపెనీ

లారా హాడ్జ్‌సన్ అనే స్నేహితురాలితో కలిసి ఆమె నరిష్ అనే కంపెనీ పెట్టారు. పసిపిల్లల పాలపొడి కలుపుకోవడానికి శుద్ధమైన నీళ్లు ముందే నింపిన సీసాలు వాళ్ల సరుకు. సరుకు నచ్చింది, పెద్ద ఆర్డరు వచ్చింది. చిక్కు కూడా దానితోనే వచ్చింది. ముడి సరుకుకు, తయారీకి డబ్బు ముందే పెట్టాలి. కొన్నవాళ్లు మాత్రం నెల తర్వాత చెల్లిస్తారు. మధ్యలో నడపడానికి చేతిలో డబ్బు లేదు. ఆర్డర్లు లేక కాదు, ఆర్డరు వచ్చి ఆ కంపెనీ ఆగిపోయింది.

మా పెద్దాయన కథ కూడా ఇదే. ఎంబీఏలో వర్కింగ్ క్యాపిటల్ సైకిల్ గురించి చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ ఆ లెక్కను ఆయన వైపు కూర్చుని చూడలేదు. ఒక ఉదాహరణ చూద్దాం. నెలకు 10 లక్షల సరుకు అమ్మే యూనిట్. తయారీ ఖర్చు 8 లక్షలు, లాభం 2 లక్షలు. కొన్నవాళ్లు 60 రోజులకు చెల్లిస్తారు. అంటే ఏ రోజు చూసినా ఆ యజమాని పెట్టుబడి 16 లక్షలు బయట ఇరుక్కుని ఉంటుంది. ఆర్డరు రెట్టింపైతే 32 లక్షలు ఇరుక్కుంటాయి. కొత్త ఆర్డరు తాలూకు మొదటి రూపాయి చేతికి వచ్చేలోపే అదనంగా 16 లక్షలు కావాలి. అది ఆయన ఎనిమిది నెలల లాభం. వ్యాపారం పెరిగితే నష్టపోవడం అంటే ఇదే.

నరిష్ నేర్పిన పాఠంతో ఇద్దరూ 2010లో నౌ అకౌంట్ అనే మరో సంస్థకు సహ వ్యవస్థాపకులయ్యారు. దాని పని చెప్పడానికి తేలిక. చిన్న సంస్థ మరో సంస్థకు సరుకు అమ్మి బిల్లు ఇస్తుంది. నౌ అకౌంట్ ఆ బిల్లును తీసుకుని, కొద్దిపాటి రుసుము మినహాయించి, కొద్ది రోజుల్లోనే డబ్బు ఇస్తుంది. గడువు నాటికి కొన్నవాళ్ల దగ్గర తను వసూలు చేసుకుంటుంది. చిన్న సంస్థకు ఇది అప్పు కాదు, తన సొమ్ము తనకు ముందుగా రావడం.

అప్పు గురించి దాచని మనిషి

2018లో ఆమె గవర్నరు పదవికి పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులు ఆమె అప్పులను ఎత్తిచూపారు. ఆమె దాచలేదు. విద్యారుణం, క్రెడిట్ కార్డులు, పన్ను బకాయి కలిపి రెండు లక్షల డాలర్లకు పైగా అప్పు ఉందని ఒక పత్రికలో తానే రాశారు. తల్లిదండ్రులను, వాళ్ల దగ్గర పెరుగుతున్న మేనకోడలిని ఆదుకోవడానికి కొన్ని చెల్లింపులు వాయిదా వేశానని వివరించారు. ఆ ఎన్నికలో సుమారు 55 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. పన్ను బకాయి 2019లో తీర్చేశారు. 2018లో 1,09,000 డాలర్లుగా చూపిన నికర ఆస్తి 2022 నాటికి 31.7 లక్షల డాలర్లు. అందులో ఎక్కువ భాగం పుస్తకాలు, ప్రసంగాల రాబడి. ఆ ఏడాది రెండోసారి పోటీ చేసి మళ్లీ ఓడిపోయారు.

రాజకీయాల్లో ఆమె గెలుపోటములను అంచనా వేయడం ఈ వ్యాసం పని కాదు. బ్యాంకరుగా నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. డబ్బు సమయానికి చేతికి రాకపోతే ఏమవుతుందో ఇంట్లోనూ వ్యాపారంలోనూ అనుభవించిన మనిషి, ఆ ఇబ్బందినే తీర్చే సంస్థలో భాగమయ్యారు.

మన చేతిలో ఉన్నది

ఇలాంటి ఏర్పాటు మనకూ ఉంది. రిజర్వు బ్యాంకు 2014లో మార్గదర్శకాలు ఇచ్చిన ట్రెడ్స్ వేదికలు 2017 నుంచి పనిచేస్తున్నాయి. ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ అందరికీ తెలిసిన పేర్లే. చిన్న పరిశ్రమ బిల్లును వేదిక మీద పెడుతుంది. కొన్న కంపెనీ దాన్ని ఆమోదిస్తుంది. బ్యాంకులు వడ్డీ రేటుకు పోటీపడతాయి. అమ్మినవాళ్ల ఖాతాకు డబ్బు చేరుతుంది. గడువు నాడు కొన్న కంపెనీ నుంచి బ్యాంకు వసూలు చేసుకుంటుంది. వాళ్లు కట్టకపోయినా అమ్మినవాళ్ల మీదికి రావడానికి వీల్లేదు. 250 కోట్లకు మించి టర్నోవరు ఉన్న కంపెనీలు ఇందులో నమోదు కావాలని 2024 నవంబరులో కేంద్రం ప్రకటించింది.

చట్టం కూడా అండగా ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. 2023-24 నుంచి, గడువు దాటించిన మొత్తాన్ని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలని ఆదాయపు పన్ను నిబంధన కూడా వచ్చింది.

ఇంతా చేసి ఒక్క చోట బండి ఆగుతుంది. కొన్న కంపెనీ బిల్లును ఆమోదించాలి. మా పెద్దాయన షెడ్డును ఇప్పుడు వాళ్లబ్బాయి నడుపుతున్నాడు. ట్రెడ్స్‌లో చేరాడు. కానీ మొదటి బిల్లు ఆమోదం లేకుండా మూడు వారాలు ఉండిపోయింది. గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందేమోనని అతని భయం. ఆ కొన్న కంపెనీ కూడా మన బ్యాంకు ఖాతాదారే. దాని ఖాతా చూసే సహోద్యోగికి ఫోన్ చేశాను. ఆ వారంలోనే ఆమోదం వచ్చింది.

చిన్న పరిశ్రమ యజమాని చేయలేని ఫోన్ మనం చేయగలం. అందుకే ఇప్పుడు నా ఎదుట కూర్చున్న యజమానిని, "తాకట్టుకు ఏముంది?" అని అడిగే ముందు, "మీకు ఎవరెవరు బాకీ ఉన్నారు? ఎన్ని రోజుల నుంచి?" అని అడుగుతున్నాను. పెద్దాయన ఆ రోజు నన్ను అడిగింది కూడా అదే కదా.