సముద్రగర్భపు గవ్వల్లో రుతుపవనాల చరిత్ర

2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణకై సముద్రగర్భాన్ని తొలిచింది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా వెలికితీసిన ఒక మట్టి స్తంభం, సుమారు 10 వేల ఏళ్ల రుతుపవనాల చరిత్రనూ వెల్లడించింది. ఆ చరిత్రకు ఒక ఆధారం, ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు గవ్వలు.

ఇసుక రేణువంతటి ఈ గవ్వలను గుర్తించాలంటే ప్రామాణిక నమూనాల భాండాగారం తప్పనిసరి. మట్టిని 63 మైక్రాన్ల జల్లెడపై కడిగి, ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచెతో గవ్వలను ఒక్కొక్కటిగా ఏరుతారు. అంకెలు వేసిన గళ్ల పలకపై జాతులవారీగా అమర్చి, లభించిన స్థలం, లోతు నమోదు చేస్తారు. కొత్తగా దొరికిన గవ్వను వీటితో పోల్చి పేరు నిర్ణయిస్తారు.

పేరు తప్పితే కాలమూ తప్పుతుంది. గ్లోబిజెరినాయిడిస్ రూబర్‌లో గులాబీ రంగు రకం హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో సుమారు 1,20,000 ఏళ్ల క్రితమే అంతరించింది. అట్లాంటిక్‌లో మాత్రం నేటికీ జీవిస్తోంది. కనుక బంగాళాఖాతంలో అది లభించిన పొర అంతకంటే పురాతనమైనదని భావిస్తారు. ఇక తెల్లని రకపు గవ్వలోని ఆక్సిజన్ ఐసోటోపులు నాటి సముద్రజలపు ఉష్ణోగ్రతను, లవణీయతను సూచిస్తాయి. నదుల వరద అధికమైతే లవణీయత తగ్గుతుంది.

రాబోయే రుతుపవనాలను అంచనా వేసే వాతావరణ మోడళ్లను ఈ గతంతోనూ సరిచూస్తారు. డెల్టా సేద్యానికి ఉపకరించే ఆ అంచనాల విశ్వసనీయత, గవ్వకు సరైన పేరు పెట్టడంతోనే మొదలవుతుంది.