మీకు తెలుసా? గోడ దాటే బొమ్మ

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. గీత నేల మీద పడింది గానీ ఇళ్లలో పడలేదు. నేటికీ బళ్లారిలో కన్నడం, తెలుగు రెండూ వినిపించే ఇళ్లున్నాయి. డిష్ పెట్టె మాత్రం హాల్లో ఒకటే! అవ్వ గదిలోని టీవీకి వైరు లాగాలంటే గోడకు బెజ్జం పెట్టాలి.

ఆ బెజ్జం తప్పించేదే వైర్‌లెస్ ఏవీ సెండర్. ఒక డబ్బా సెట్‌టాప్ బాక్సుకు, మరొకటి అవ్వ టీవీకి. బొమ్మా మాటా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద వెళ్తాయి. తక్కువ శక్తితో వాడితే మన దేశంలో దీనికి లైసెన్సు అక్కర్లేదు. చిక్కేమిటంటే వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఈ దారిలోనే. వంటింట్లో పాలు వేడిచేస్తే సీరియల్లో గీతలు పడొచ్చు. 5.8 గిగాహెర్ట్జ్ రకానికి ఆ బెడద తక్కువే గానీ, గోడలంటే దానికి మరీ భయం. పాత రాతి మిద్దెల్లో అయితే చెప్పక్కర్లేదు.

ఇక రిమోట్. అది పంపే పరారుణ కాంతి అసలు గోడే దాటదు. అందుకే చాలా సెండర్లు అవ్వ నొక్కిన మీటను రేడియో తరంగంగా మార్చి హాల్లోకి పంపి, అక్కడ మళ్లీ కాంతిగా మారుస్తాయి.

కొనేముందు ఒక్క మాట: పెట్టె ఒకటే కాబట్టి రెండు టీవీల్లోనూ ఒకే ఛానెల్. హాల్లో కన్నడ వార్తలు పెడితే అవ్వకూ కన్నడ వార్తలే.