పాత ఇనుము కూడు పెడుతుందా?

‘‘పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం...’’ ఈ కేక వినపడని వీధి మన ఊళ్లలో ఉందా? చిల్లుపడిన బిందె, తుప్పుపట్టిన తాళం, విరిగిన మడత మంచం... ఇంట్లో జాగా చాలడం లేదని మనం బయటపడేసేవే ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు. మరి దాన్ని నమ్ముకుంటే నెలంతా గడుస్తుందా? పిల్లల ఫీజులు కట్టగలరా?

మా కొత్తకోట హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీద ఉంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. ఇలాంటి ఊళ్లో పాత ఇనుముకు కరువుండదు. మెకానిక్ షెడ్లలో లారీల కమాన్ పట్టీలు, బేరింగులు పోగవుతుంటాయి. చుట్టూ బోర్ల కింద సేద్యం. మోటారు కాలిపోయిందంటే అందులోని రాగి తీగ పాత సామాన్లలోకి వస్తుంది. సరుకు ఉంది సరే, సంపాదన మాటేమిటి?

లెక్క చూస్తే...

మా వీధికి ఒకామె తోపుడు బండితో వస్తుంది. ఓ మధ్యాహ్నం మంచినీళ్లకు ఆగినప్పుడు అడిగాను. ‘‘ఇనుముల ఏం మిగుల్తదక్కా? కిలోకు మూడు రూపాయలు, బాగుంటే నాలుగు. రాగి, ఇత్తడి దొరికిన్నాడే మాకు పండుగ’’ అంది.

కిలోకు 4 రూపాయలే వేసుకుందాం. రోజుకు 60 కిలోలు దొరికితే 240. నెలకు 26 రోజులు తిరిగితే 6,240 రూపాయలు. అందులోంచే బండి కిరాయి, రిపేర్లు, చాయ్ ఖర్చు పోవాలి. వాన పడితే బండి కదలదు. దసరాకో, ఉగాదికో ఇళ్లు దులిపే రోజుల్లో సరుకు ఎక్కువ, మిగతా రోజుల్లో అంతంతమాత్రం.

ఈ పనిలో తెలివంతా వేరు చేయడంలో ఉంది. ఆమె కొంగుకు ఓ అయస్కాంతం ముక్క కట్టుకుని ఉంటుంది. ఇనుము దానికి అంటుకుంటుంది. రాగి, ఇత్తడి, మనం సిల్వర్ గిన్నెలనే అల్యూమినియం అంటుకోవు. అల్యూమినియానికి ఇనుముకన్నా కొన్ని రెట్లు ధర, రాగికి ఇంకా ఎక్కువ. అన్నీ కలిపి అమ్మేస్తే దుకాణంలో ఇనుము ధరే కడతారు.

ధర ఎవరి చేతిలో?

ఇనుము కరిగించే ఫ్యాక్టరీల్లో ధర పడితే ఇక్కడ బండి మీద కూడా పడిపోతుంది. 2008 చివర్లో ప్రపంచమంతా ఉక్కు ధరలు కుప్పకూలాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వీధులే మూతపడ్డాయి. తన తప్పేమీ లేకుండానే సంపాదన ఆగిపోయే పని ఇది.

పైగా పెట్టుబడి బాధ. చేతిలో డబ్బు లేనివాళ్లు పొద్దున్నే దుకాణంలో బయానా తీసుకుంటారు. సాయంత్రం సరుకంతా అక్కడే, వాళ్లు చెప్పిన ధరకే వేయాలి. తూకం కూడా వాళ్లదే.

ప్రమాదాలు సరేసరి. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత సామాన్ల బజారుకు ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రం చేరింది. అందులోని కోబాల్ట్-60 రేడియేషన్ వల్ల ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. రాగి కోసం వైర్లు కాలిస్తే వచ్చే పొగా విషమే. అందుకే వైరు పైతొడుగు ఒలుచుకోవడమే మంచిది.

‘‘హోటల్ల గిన్నెలు కడిగితే నెలకింత అని చేతుల పెడ్తరంట. పోవాల్నా వద్దా అని రోజూ కొట్టుకుంటున్న. బిడ్డ ఇంటర్ చదువుతుంది. ఫీజు కట్టే తారీకు నా బండి ఆమ్దానీ కోసం ఆగదు గదా!’’ అందామె. ఈ మాటకు జవాబేది?

నిలకడ ఎలా వస్తుంది?

పుణెలో చెత్త, పాత సామాన్లు ఏరుకునేవాళ్లు 1993లో సంఘం పెట్టుకున్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. 2008 నుంచి వాళ్ల సహకార సంఘం ‘స్వచ్ఛ్’ నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటోంది. ప్రతి ఇల్లూ నెలకింత అని రుసుము ఇస్తుంది. సామాన్లు అమ్మగా వచ్చేది దానికి అదనం. ధర పడినా పొయ్యి ఆరిపోదు. మా రోడ్డు చివరనున్న బెంగళూరులో 2011లో ఇలాంటివాళ్లకు నగరపాలక సంస్థ గుర్తింపు కార్డులిచ్చింది. కార్డుంటే ‘దొంగ సామానా?’ అని ఆపేవాళ్లు తగ్గుతారు.

అంటే ఈ పనికి నిలకడ ఇనుము ధరతో రాదు. ఖాయంగా సామాన్లిచ్చే ఇళ్లతో వస్తుంది. కొత్తకోట కూడా 2018లో మున్సిపాలిటీ అయింది. ఆ పద్ధతి ఇక్కడ మొదలుపెట్టరాదని ఎవరన్నారు? అందాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

* ఎవరో ఒకరికే ఖాయంగా ఇవ్వండి. వాళ్లకోసం ఓ గోనెసంచి పక్కన పెట్టండి.

* ఇనుము, అల్యూమినియం, రాగి వేరుచేసి పెట్టండి. గాజు పెంకులు, సూదులు, బ్లేడ్లు అందులో వేయకండి.

* బయానా బదులు పొదుపు సంఘంలో చేరి అప్పు తీసుకునే దారి చెప్పండి.

* బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలొస్తాయి. ఫారం నింపడంలో సాయపడండి.

చీరల షాపులో చెప్పిన ధర ఇచ్చి వచ్చే మనం పాత బకెట్టు దగ్గర రెండు రూపాయల కోసం పావుగంట బేరమాడతాం. ఆ రెండు రూపాయలే కిలో మీద ఆమెకు మిగిలేదాంట్లో సగం. ఈసారి ఆ బేరం మానేద్దామా?