నీళ్ళలో కరిగినదాన్ని విడదీసేదెలా?

కళ్ళంలో వేరుశనగ తూర్పారబట్టడం మనలో చాలామందికి తెలిసిన పనే. గాలికి ఆకు, పొట్టు ఎగిరిపోతాయి, కాయలు కింద పడతాయి. జల్లెడ పడితే మట్టి రాలిపోతుంది. ఇవన్నీ మిశ్రమాలను వేరుచేసే పద్ధతులే. కాని నీళ్ళలో కరిగిపోయినదాన్ని ఏ గుడ్డతో వడకట్టగలం?

ఈ ప్రశ్న మన అనంతపురం సీమకు చాలా ముఖ్యమైనది. ఇక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. అందుకే బోర్లే దిక్కు. భూమి లోపల నీరు గ్రానైటు రాతితో ఏళ్ళ తరబడి కలిసి ఉండి, అందులోని ఫ్లోరైడును కరిగించుకుంటుంది. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఫరవాలేదనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించితే చిన్నపిల్లలకు పళ్ళు తయారయ్యే వయసులోనే చారలు పడతాయి. ఇంకా ఎక్కువ ఫ్లోరైడున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుపోతాయి, ఎముకలు వంకరపోతాయి.

మా అవ్వ బోరునీళ్ళు కాచి చల్లార్చి ఇచ్చేది. కాస్తే దోషమంతా పోతుందని ఆమె నమ్మకం. సూక్ష్మజీవులు చచ్చేమాట నిజమే. కాని ఫ్లోరైడు ఆవిరైపోదు. నీరు తగ్గి, ఫ్లోరైడు అంతే మిగిలి, మరింత చిక్కబడుతుంది!

నల్గొండ పద్ధతి

నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో ఈ పద్ధతిని రూపొందించారు. నీళ్ళలో తగు మోతాదులో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలుపుతారు. పటిక వల్ల దూదిపింజల్లాంటి తెట్టెలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీటిని తీసుకోవాలి. కరెంటు లేకపోయినా బకెట్టులోనే చేసుకోవచ్చు. అయితే నీటిని పరీక్షించి మోతాదు తేల్చుకోవాలి. అడుగున చేరిన మడ్డిని బావి దగ్గర, చెరువు దగ్గర పారబోయరాదు.

ఆర్.ఓ. పద్ధతి

ఊరగాయకు కోసిన మామిడి ముక్కలపై ఉప్పు చల్లితే ముక్కల్లోని నీరు బయటికి ఊరుతుంది. అంటే ఉప్పు ఎక్కువున్న వైపుకు నీరు తనంతట తానే పోతుంది. ఉప్పు నీటిని పల్చటి పొరకు ఒకవైపు ఉంచి గట్టిగా ఒత్తిడి పెడితే ఇది తిరగబడుతుంది. నీరు పొరను దాటుతుంది, లవణాలు చాలావరకు ఆగిపోతాయి.

మొదట్లో పొరల గుండా నీరు చుక్కలుగానే వచ్చేది. 1960 ప్రాంతంలో అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి కొత్త పొర తయారుచేశారు. దాని పైభాగం అతి పల్చగా, బిగువుగా ఉంటుంది. కింది భాగం స్పంజిలా ఉండి దాన్ని మోస్తుంది. దాంతో నీరు ఎన్నో రెట్లు వేగంగా వచ్చింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణంలో ఈ పద్ధతితో ప్లాంటు పెట్టి ప్రజలకు నీరిచ్చారు. 2010లో చెన్నై దగ్గర మింజూరులో రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరు తీసే సముద్రజల కర్మాగారం మొదలైంది. డైరీల్లో పాలవిరుగుడు నీటిని మరగించకుండా చిక్కబరచడానికీ, కర్మాగారాల్లో వాడిన నీటిని తిరిగి వాడుకోవడానికీ ఇలాంటి పొరలే పనికివస్తున్నాయి.

పారబోసే నీటి సంగతి

వేరుచేయడమంటే మాయం చేయడం కాదు. 100 లీటర్లలో 50 మంచినీరుగా వచ్చాయనుకుందాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడుంటే, మిగిలిన 50 లీటర్లలో అది దాదాపు 4 అవుతుంది. కరువు సీమలో ఆ నీటిని మురికికాలువలోకి వదలడం బాధాకరం. వంటకు, పశువులకు మాత్రం వాడకూడదు. మన హాస్టల్లాంటి చోట్ల ఒక తొట్టి కట్టి మరుగుదొడ్లకు వాడుకుంటే ఎన్నో బిందెల బోరునీరు మిగులుతుంది.

మరొక్క మాట. చేతిలో పట్టుకునే టి.డి.ఎస్. మీటరు మొత్తం లవణాల అంచనానే చూపుతుంది, ఫ్లోరైడు ఎంతో చెప్పదు. కాబట్టి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి బోరునీళ్ళను ప్రయోగశాలలో పరీక్ష చేయించమని పెద్దలను అడగండి. సైన్సు పాఠం పరీక్ష రాయడానికే కాదు, మన తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పళ్ళను, ఎముకలను కాపాడుకోవడానికి కూడా!