ఆజ్ఞ లేని పయనం: నమూనా రైలింజన్ల అనూహ్య చలనానికి కారణాలు

బల్లపై పరచిన పట్టాల మీద నిశ్చలంగా నిలిచి ఉన్న చిన్న రైలింజను, ఎవరూ మీట తాకకుండానే పూర్తి వేగంతో పరుగెత్తి, బల్ల అంచు దాటి నేలపై పడిందనుకుందాం. నెలల తరబడి శ్రమించి దానిని అలంకరించిన వ్యక్తి మనస్సు ఎంత క్షోభిస్తుందో ఊహించుకోవచ్చు. వెంటనే అతడు యంత్రం పాడైపోయిందని నిర్ణయించి, విలువైన భాగాన్ని తీసి పారవేయడానికి సిద్ధపడతాడు. చాలా సందర్భాలలో అది తొందరపాటే అవుతుంది.

ముందు ఈ విధానాన్ని కొంత తెలుసుకోవాలి. పాత పద్ధతిలో పట్టాలకు ఏకముఖ విద్యుత్తును ఇచ్చేవారు. వోల్టేజి పెరిగితే వేగం పెరిగేది. ధ్రువాలు తారుమారైతే దిశ మారేది. ఒకే విద్యుత్ విభాగంలో ఉన్న ఇంజన్లన్నీ కలిసి కదిలేవి. ఈ పరిమితిని తొలగించినదే డిజిటల్ కమాండ్ కంట్రోల్. జర్మనీలోని లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి ఆధారంగా, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1994లో దీనికి ప్రమాణాలను ఆమోదించింది. ఇందులో పట్టాలకు ఎల్లవేళలా పూర్తి విద్యుత్తు ఉంటుంది. ఆ విద్యుత్తు అతివేగంగా ధ్రువాలు మార్చుకుంటూ సందేశాన్ని కూడా మోస్తుంది. ఒక్కొక్క అర్ధభాగం 58 మైక్రోసెకండ్లు ఉంటే అది ‘ఒకటి’. 100 మైక్రోసెకండ్లు ఉంటే ‘సున్న’. ప్రతి ఇంజనులోను డీకోడర్ అనే చిన్న పరికరం ఉండి, తన సంఖ్యకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే గ్రహించి మోటారును నడుపుతుంది. డీకోడర్ స్వభావాన్ని నిర్ణయించే అంకెలను సి.వి.లు అంటారు.

అట్లయితే ఆజ్ఞ లేకుండా ఇంజను ఎందుకు కదులుతుంది? ముఖ్యమైన కారణాలను వరుసగా పరిశీలిద్దాం.

మొదటిది, పూర్తి వేగంతో పరుగు. అనేక డీకోడర్లు పాత పద్ధతి పట్టాల మీద కూడా నడిచే విధంగా తయారవుతాయి. మరొక బండి పట్టాలు తప్పి షార్ట్ సర్క్యూట్ కలిగితే విద్యుత్తు ఆగి, తిరిగి వస్తుంది. ఆ క్షణంలో సందేశం స్పష్టంగా అందకపోతే, డీకోడర్ తాను పాత పట్టాల మీద ఉన్నానని భ్రమించి, ఉన్న వోల్టేజినంతా మోటారుకు ఇచ్చివేస్తుంది. దీనికి చికిత్స సి.వి. 29లో ఉంది. అందులో 4 విలువ గల అంశం పాత పద్ధతికి అనుమతి. అది ఉన్నట్లయితే 4 తగ్గించాలి: 6 ఉంటే 2, 38 ఉంటే 34. తక్కిన అంశాలు చెడకుండా ఉండడానికి, ముందు ఉన్న విలువను చదివిన తరువాతనే మార్చాలి.

రెండవది, ఒకే సంఖ్య. కొత్త డీకోడర్లు సాధారణంగా 3 అనే సంఖ్యతో వస్తాయి. సంఖ్య మార్చని ఇంజన్లు రెండుంటే, ఒకదానికి ఇచ్చిన ఆజ్ఞకు రెండూ కదులుతాయి.

మూడవది, జంట బంధం. బరువైన బండిని లాగడానికి కొన్ని ఇంజన్లను కలిపినప్పుడు సి.వి. 19లో ఉమ్మడి సంఖ్య నమోదవుతుంది. తరువాత దానిని తొలగించడం మరచిపోతే, ఇంజను సొంత సంఖ్యతో వచ్చే వేగపు ఆజ్ఞను లెక్కచేయక, ఉమ్మడి సంఖ్యకే కదులుతుంది. సి.వి. 19ని సున్న చేస్తే దోషం తొలగుతుంది.

నాలుగవది, పాత ఆజ్ఞ. కొన్ని నియంత్రణ కేంద్రాలు చివరి వేగాన్ని గుర్తుంచుకొని, విద్యుత్తు ఇచ్చిన వెంటనే దానినే తిరిగి పంపుతాయి. కనుక ఆట ముగించేటప్పుడు ప్రతి ఇంజను వేగాన్ని సున్నకు తేవడం మంచి అలవాటు.

దోషం కాని కదలిక కూడా ఒకటి ఉంది. ప్రోగ్రామింగ్ పట్టాపై సి.వి. చదివేటప్పుడు ఇంజను కొద్దిగా ఉలిక్కిపడుతుంది. డీకోడర్ మోటారుకు క్షణకాలం విద్యుత్తు ఇచ్చి, ఆ విధంగా ‘అవును’ అని జవాబు చెబుతుందన్నమాట. దానికి భయపడనక్కరలేదు.

ఇక పరీక్షాక్రమం. ముందుగా అత్యవసర నిలుపుదల మీటను వాడాలి. ఆ తరువాత మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కదిలినది ఒక్క ఇంజనా, అనేకమా? పూర్తి వేగంతో పరుగెత్తిందా, ఇతర ఇంజనుతో పాటు నడిచిందా? కదలడానికి ముందు విద్యుత్తు ఆగి వచ్చిందా? పిమ్మట ఆ ఇంజనును ఒంటరిగా ప్రోగ్రామింగ్ పట్టాపై ఉంచి, దాని సంఖ్యను, సి.వి. 19, 29లను చదివి కాగితంపై వ్రాసుకోవాలి. ఒక్కసారికి ఒక్క విలువను మాత్రమే మార్చి, మళ్ళీ నడిపి చూడాలి. అన్నీ ఒకేసారి మార్చినచో దోషం పోవచ్చు గాని, కారణం మాత్రం ఎన్నటికీ తెలియదు.

విద్యార్థి మిత్రులారా! ప్రయోగశాలలో మీటరు ముల్లు అనుకోని వైపు తిరిగినప్పుడు కూడా మనకు కావలసినది ఈ ఓర్పే. పరికరాన్ని నిందించే ముందు, దానికి అందిన ఆజ్ఞ ఏమిటో ఒక్కసారి విచారించండి.